వైర్‌లెస్ కార్డు, పెద్దమ్మ కాలు

ఫాలెహౌ, నివా దీవి
ఫిబ్రవరి, రెండో వారం

తమ్ముడు మొసేసేకి,

ల్యాప్‌టాప్ పడవలో చేరింది. నువ్వు చుట్టిన మూడు పొరల ప్లాస్టిక్ సంచీ కూడా చిరగలేదు. చూసి ఎంత మురిసిపోయానో, తెరిచాక అంత ఒళ్ళు మండింది. వైర్‌లెస్ పని చెయ్యదు.

ఏం బాగుచేశావు నాయనా? పాత కార్డు కాలిపోయింది. ఆక్లండ్ నుంచి మా తోటి టీచరు తెచ్చిన కొత్త కార్డుని ల్యాప్‌టాప్‌తో పాటు నీ షాపుకి పంపాను. దాని ఖాళీ అట్టపెట్టె ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పాతది తీసి కొత్తది పెట్టమన్నాను, అంతే. రాజధాని నుకుఅలోఫాలో నిన్ను మించిన మెకానిక్ లేడని మన చుట్టాలందరూ చెప్పుకుంటారు. నాకిప్పుడు ఆ చుట్టాలందరి మీదా అనుమానంగా ఉంది.

కంప్యూటర్‌లోని పరికరాల పట్టికలో ఒక పసుపు త్రికోణం కనిపిస్తోంది. ఆ పరికరాన్ని నడిపించే ప్రోగ్రాము, అంటే డ్రైవర్, లేదని దాని అర్థమట. డ్రైవర్ కావాలంటే ఇంటర్నెట్‌లోంచి దించుకోవాలి. ఇంటర్నెట్ రావాలంటే డ్రైవర్ ఉండాలి. ఇలాంటి ఏర్పాటు చేసినవాడెవడో గానీ వాణ్ణి మా మూడో తరగతిలో కూర్చోబెట్టి మొదటినుంచీ చదివించాలి.

చివరికి మన ఊరి అధికారి సెమిసీ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ తీగతో నడిచే పాత కంప్యూటర్ ఉంది కదా. అతను నా వెనకే నిలబడి తెర మీద ప్రతి అక్షరం పైకి చదివాడు, బయట చాపలు అల్లుతున్న ఆడవాళ్ళకి వినపడేలా. "డ్రైవర్ కావాలా టీచరమ్మా? ఈ దీవిలో ఉన్న ఒక్క ట్రక్కూ నాదే, నన్నడక్కపోయావా!" అందరూ పగలబడి నవ్వారు. అందుకే నీకు మెయిల్ చెయ్యడం లేదు. అక్కడ కూర్చుని రాస్తే చర్చిలో చదివి వినిపించినట్టే. ఫోన్ చేద్దామంటే అక్కాతమ్ముళ్ళు నోటితో తగవులాడుకోకూడదాయె.

కొత్త కార్డు పెట్టె మీదున్న నంబరుకి తగిన డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో దించుకుని వచ్చి ఎక్కించాను. 'దీనికి తగిన పరికరం ఈ యంత్రంలో లేదు' అంది. లేకపోవడమేమిటి? నువ్వేగా పెట్టావు?

నాకిది సినిమాలు చూసుకోవడానికి కాదని నీకు తెలుసు. అమ్మకి వినపడదు, మాట రాదు. ఆమె చేతుల భాష నాన్నకీ నాకూ తప్ప ఎవరికీ రాలేదు, నాన్న పోయాడు. కాలి పుండుకి వైద్యమని ఆమెని మీ ఇంట్లో ఉంచాక, వారానికోసారి నీ ఫోన్ ముందు ఆమె, బడిలో ఈ తెర ముందు నేను కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం. క్రిస్మస్ తర్వాత ఆమె నన్ను చూడలేదు. సెమిసీ కంప్యూటర్‌కి కెమెరా లేదు. ఊళ్ళోవన్నీ మీటల ఫోన్లు. నేను చచ్చిపోయానని అనుకుంటోందేమో, ఆ మాట కూడా ఎవరికీ చెప్పలేదు.

వెంటనే రాయి. పుండు ఎలా ఉందో కూడా రాయి.

లెసియేలి


నుకుఅలోఫా
మార్చి మొదట్లో

పూజ్యురాలైన లెసియేలి అక్కయ్యకి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీకు కలిగిన కష్టానికి తల వంచుకుంటున్నాను. మీరు నాకు అక్క. మన ఆచారం మీకు చెప్పేటంతటివాణ్ణి కాను. చిన్నప్పుడు మీరున్న గదిలోకి నేను అడుగు పెట్టేవాణ్ణి కాదు, మీ దుప్పటి తొక్కినా మా నాన్న తోలు తీసేవాడు. అలాంటిది మీ ల్యాప్‌టాప్ తెరిచి, మీ బొమ్మలూ మీ ఉత్తరాలూ ఉన్న తెర నేనెలా చూస్తాను? వెనక మూత విప్పాను, కార్డు బిగించాను, మూత వేశాను. తెర వెలిగించలేదు. అందువల్ల డ్రైవర్ ఎక్కించడం, పరీక్షించడం కుదరలేదు. మీ మర్యాద కాపాడటానికే అలా చేశాను.

కొన్ని ఉపాయాలు రాస్తున్నాను. ఇదివరకు ఎక్కించిన డ్రైవర్ తీసేసి మళ్ళీ ఎక్కించండి. పక్కన చిన్న మీట ఉంటుంది, అది ముందుకి జరిపి ఉందో లేదో చూడండి. బ్యాటరీ ఊడదీసి కాసేపు ఆగి పెట్టండి. ఒక్కోసారి వాతావరణం వల్ల కూడా ఇలా అవుతుంది.

పెద్దమ్మ బాగున్నారు. నిన్న కొబ్బరిపాలు పోసి ఉడికించిన తారో ఆకులు ఇష్టంగా తిన్నారు. మేనత్త ఆనసేని రోజూ వచ్చి చూసి వెళుతున్నారు. వాళ్ళబ్బాయి కలానీ కూడా వస్తున్నాడు. ఇప్పుడు వాడి ల్యాప్‌టాప్‌లో రగ్బీ ఆగకుండా వస్తోందని మా పిల్లలంతా అక్కడే చేరుతున్నారు.

మీ విధేయుడైన తమ్ముడు,
మొసేసే


ఫాలెహౌ
మార్చి చివర

మొసేసే,

వాతావరణమా? కార్డు లోపల ఉంది, మూత లోపల ఉంది, నేను గదిలో ఉన్నాను. వాతావరణం దేంట్లోంచి దూరింది?

నువ్వు చెప్పినవన్నీ చేశాను. తీసేశాను, ఎక్కించాను, మీట జరిపాను, బ్యాటరీ ఊడదీశాను. ఒకసారి తెర మొత్తం నీలంగా మారి తెల్ల అక్షరాలతో ఏదో తిట్టి ఆరిపోయింది. దాన్ని మళ్ళీ లేపడానికి ఒక మధ్యాహ్నం పోయింది. సెమిసీ ఆఫీసుకి ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. ఇప్పుడతను నన్ను చూడగానే కుర్చీ తుడిచి, "రండి రండి, ఈ రోజు ఏ డ్రైవర్‌ని తీసుకెళ్తారు?" అంటున్నాడు. నాకు ఆ గదన్నా, ఆ తెరన్నా, ఫైలు దిగుతుంటే ఆ గీత నిండటం కోసం చూస్తూ కూర్చోవడమన్నా రోత పుట్టింది.

మర్యాద సంగతి రాశావు. అక్క తెర చూడలేదన్నావు. చదివినప్పుడు నిజంగానే మెత్తబడ్డాను. ఈ కాలంలో కూడా ఇంత పాటించే తమ్ముడున్నాడని మా తోటి టీచరుకి చెప్పుకున్నాను. ఆమె మొహం చిట్లించి, "తెర చూడకపోతే పోనీ, కార్డు పేరు చెప్పడానికేం?" అంది. అవును, చెప్పడానికేం? నువ్వు బిగించిన కార్డు మీద ఏ కంపెనీ పేరు, ఏ నంబరు ఉంది? ఆ ఒక్క ముక్క రాయి, మిగతాది నేను చూసుకుంటాను.

ఇంకొకటి. పుండు ఎలా ఉందని అడిగితే తారో ఆకుల సంగతి రాశావు. అమ్మ తిండి ఇష్టంగా తింటుందని నాకు తెలుసు. కాలు?

లెసియేలి


నుకుఅలోఫా
ఏప్రిల్ మధ్యలో

అక్కయ్యా,

దాచి లాభం లేదు. పెద్దమ్మని ఆసుపత్రిలో చేర్చాం. షుగర్ పుండు లోపలికి తినేసింది. ఫిబ్రవరిలో రెండు వేళ్ళు తీస్తే చాలన్నారు. మీరు కంగారు పడతారని రాయలేదు. వేళ్ళు నల్లబడ్డాయి, ఇప్పుడు పాదం కూడా. మోకాలి కింద తీసేయాలంటున్నారు.

డాక్టరు మంచిది. ఆవిడ ఒకటే మాట మీద నిలబడింది. "పేషెంటు తెలివిలో ఉంది. కాలు ఆమెది. ఆమెకి అర్థమయ్యేలా చెప్పి, ఆమె జవాబు నాకు చెప్పగలిగేవాళ్ళని తీసుకురండి." బొమ్మలు గీసి చూపించారు. పెద్దమ్మ ఆ కాగితం తిరగేసి పక్కన పెట్టేశారు. చదువు రాదు, సైగలు మాకు రావు. మేమంతా చుట్టూ నిలబడి చేతులు ఊపుతుంటే మమ్మల్ని చూసి విసుక్కుని గోడవైపు తిరిగి పడుకున్నారు.

మేనత్త మాత్రం ఖరాఖండీగా చెప్పేసింది. "కోయడానికి వీల్లేదు. మా తమ్ముడి పెళ్ళాన్ని ఒంటికాలితో పాతిపెడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" మేనత్త అన్నాక ఎవరం ఏం మాట్లాడతాం? డాక్టరు మాత్రం ఆ మాట రాసుకోలేదు.

మీరు తెర మీద కనిపిస్తే తప్ప ఇది తేలేలా లేదు. డ్రైవర్లన్నీ ఉన్న పెన్‌డ్రైవ్ ఈ ఉత్తరంతో పెడుతున్నాను. ఒక్కొక్కటీ ప్రయత్నించండి. ఏదో ఒకటి పట్టుకుంటుంది.

మొసేసే


ఫాలెహౌ
ఏప్రిల్ చివర

నీ ఉత్తరం తెచ్చిన పడవ సరుకు దింపి గంటలో వెళ్ళిపోయింది. ఉత్తరం చదివి బడి వదిలేసి రేవుకి పరిగెత్తాను. రేవు మీద పిండి బస్తాలు, కుక్కలు తప్ప ఏమీ లేవు. ఇంకో నెలకి గానీ పడవ లేదు. శనివారం వచ్చే చిన్న విమానంలో కాన్పుకి వెళ్ళే ఇద్దరు గర్భిణులు, వాళ్ళ తోడు. నాకు చోటు లేదు, తర్వాతి వారాలకీ లేదు, అడగడానికి నోరూ రాలేదు. ఈ ఉత్తరం పైలట్ చేతికిస్తున్నాను. నీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. డాక్టరుతో మాట్లాడాను, ఆవిడ ఎత్తింది. కానీ ఫోన్లో అమ్మతో ఏం మాట్లాడను?

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు పంపిన డ్రైవర్ల మూటలో ఒక్కటీ పట్టలేదు. సెమిసీ ఆఫీసులో సహాయం పేజీలు వెతుకుతుంటే ఒకచోట రాసి ఉంది. పసుపు త్రికోణం మీద నొక్కి, వివరాల్లోకి వెళితే, కార్డు ఎవరు చేశారో, ఏ రకమో చెప్పే అంకెలుంటాయట. మూత విప్పక్కర్లేదట. ప్రతి మెకానిక్‌కీ ముందుగా తెలిసేది ఇదేనట. నువ్వు వాతావరణం దాకా వెళ్ళావు గానీ ఈ ముక్క మాత్రం చెప్పలేదు.

ఆ అంకెలు రాసుకెళ్ళి వెతికాను. నేను పంపిన కార్డు కాదది. ఆ కంపెనీయే వేరు. పదేళ్ళ కిందటి సరుకు, ఇప్పుడు చెయ్యడమే మానేశారు.

నా కార్డు ఏది?

నువ్వు మర్యాద పేరు చెప్పావు. అక్కాతమ్ముళ్ళ మధ్య ఉండే ఆ ఒక్క పవిత్రమైన మాటని తీసుకొచ్చి నీ దొంగతనం మీద కప్పావు. నేను దాన్ని నమ్మి పదిమందికి చెప్పుకున్నాను. ఛీ. అన్నదమ్ములతో ఇలా మాట్లాడకూడదని నాకూ నేర్పారు. ఎదురుగా ఉంటే అననేమో. కాగితం కాబట్టి రాస్తున్నాను, నువ్వంటే నాకు కంపరంగా ఉంది.

అమ్మ కాలు కుళ్ళిపోతుంటే మూడు నెలలు నన్ను తప్పుడు డ్రైవర్ల చుట్టూ తిప్పావు. ఎందుకు?


నుకుఅలోఫా
మే మొదటి వారం

అక్కయ్యా,

ఫోన్ ఎత్తడానికి ధైర్యం చాలలేదు. మీ గొంతులో ఆ ప్రశ్న వినలేక.

మీ కార్డు కలానీ ల్యాప్‌టాప్‌లో ఉంది.

ఆ రోజు షాపులో మీ యంత్రం మూత విప్పి కూర్చున్నాను. మేనత్త చేపల బజారు నుంచి వస్తూ లోపలికి వచ్చింది. కుర్చీ వేశాను. బల్ల మీద కార్డు చూసింది. "అదేమిట్రా, కొత్తదా? మా కలానీకి మ్యాచ్ ఆగి ఆగి వస్తోంది. అదిలా పడెయ్."

"లెసియేలి అక్కది అత్తా."

"లెసియేలి ఎవరు? నా తమ్ముడి కూతురు. నువ్వెవరు? ఇంకో తమ్ముడి కొడుకువి. నీ దగ్గరున్నా దాని దగ్గరున్నా నాదే కదరా. బిగించు."

బిగించాను. మన నాన్నల అక్క అడిగితే కాదన్నవాణ్ణి మన వంశంలో మీరు చూశారా? మీ నాన్న పెంచిన పందుల్ని ఆవిడ తోలుకుపోతుంటే మీ నాన్నే తాళ్ళు పట్టుకున్నాడు. కాదనకూడదని నేర్పారు, కాదనలేదు. కానీ మీకు చెప్పకూడదని ఎవరూ నేర్పలేదు. అది నా బుద్ధే. 'మేనత్త తీసుకుంది' అని రాస్తే ఆవిడ మీద మీరు నోరు జారతారని, ఆ పాపం నాదవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. తుక్కు డబ్బాలోంచి ఒక పాత కార్డు తీసి మీ దాంట్లో పెట్టాను. తెర వెలిగిస్తే అది పని చెయ్యదని తెలిసిపోతుంది, అందుకే వెలిగించలేదు. మర్యాద మాట తర్వాత దొరికింది.

ఇప్పుడు చేయాల్సింది రాస్తున్నాను. ఈ పెన్‌డ్రైవ్‌లో ఒకే ఒక్క డ్రైవర్ ఉంది. పాత విండోస్ కోసం చేసినది. మామూలుగా ఎక్కించకండి, ఒప్పుకోదు. పసుపు త్రికోణం మీద నొక్కి, డ్రైవర్ మార్చమని చెప్పి, నేనే ఎంచుకుంటాను అన్నదాన్ని పట్టుకుని, ఈ పెన్‌డ్రైవ్ చూపించండి. ఇది సరిపోకపోవచ్చని భయపెడుతుంది. సరే అనండి. తర్వాత కరెంటు పొదుపు కోసం కార్డుని ఆపవచ్చు అన్న చోట టిక్ తీసేయండి. అయినా అది పాత కార్డు. కాసేపు నడిచి పడిపోతుంది. ఎంతసేపు నిలబడుతుందో నేను చెప్పలేను.

ఆదివారం ఆరాధన అయ్యాక నేను ఆసుపత్రిలో పెద్దమ్మ మంచం దగ్గర ఫోన్ పట్టుకుని ఉంటాను. డాక్టరు వస్తానంది. ఇక ఆగితే కాలితో పోదంది.

మొసేసే


నుకుఅలోఫా
మే, ఆదివారం సాయంత్రం

అక్కయ్యా,

మీ తెర ఆగిపోయాక ఇక్కడ ఏం జరిగిందో మీకు తెలియదు. ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. శనివారం విమానంలో పంపుతాను.

మీరు కనిపించగానే పెద్దమ్మ ఎలా లేచి కూర్చున్నారో మీరు చూశారు. నేను ఇన్నాళ్ళూ ఆవిడకి చెప్పేదేమీ లేదనుకున్నాను. ఆ చేతులు ఆగితే కదా! డాక్టరు చెప్పిందంతా మీరు చేతులతో చెప్పారు, ఆవిడ అడిగినవన్నీ మీరు డాక్టరుకి చెప్పారు. నడవగలనా, కర్ర ఇస్తారా, నొప్పి ఎన్నాళ్ళు. మామూలు మనిషి అడిగే ప్రశ్నలు. మేం నలుగురం మూడు నెలలు గోడకి చెప్పినట్టు చెప్పాం.

అప్పుడే మేనత్త వచ్చింది. ఆరాధనకి మర్యాదగా నడుముకి చుట్టుకున్న పెద్ద చాపతో, చర్చి నుంచి నేరుగా. కలానీ కుర్చీ వేశాడు. "కోతకి నేను ఒప్పుకోను అని మీ డాక్టరమ్మకి చెప్పానే! ఇంకా ఏమిటీ నాటకం?" అంది. మీరు ఆ మాట కూడా పెద్దమ్మకి చేతులతో చెప్పేశారు. పెద్దమ్మ మేనత్త వైపు చూడలేదు. మిమ్మల్ని చూస్తూ చాలాసేపు చేతులు కదిపారు.

మీ గొంతు సన్నగా వస్తోందని ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకున్నాను. మీరు చెప్పింది నాకొక్కడికే వినపడింది. చెవి నుంచి తీసి చూసేసరికి మీ మొహం నోరు తెరిచినట్టే ఆగిపోయి ఉంది. ఆ తుక్కు కార్డు పడిపోయింది. మళ్ళీ మళ్ళీ కలిపాను, రాలేదు.

డాక్టరు అడిగింది. "ఏమన్నారు? మీరు విన్నారు కదా?"

మేనత్త నన్నే చూస్తోంది. "వాడికేం వినపడింది! గరగరమంటోంది ఆ ఫోను. ఏం రా, వినపడిందా?"

వినపడలేదంటే ఎవరూ కాదనరు. నేను బిగించిన కార్డే నాకు సాక్షి. అక్కయ్యా, ఒక్క క్షణం ఆ మాట నా నాలుక మీదకి వచ్చింది కూడా. మీ దగ్గర దాచను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"వినపడింది" అన్నాను. నిలబడే చెప్పాను. మేనత్త కూర్చుని ఉండగా ఆవిడ కన్నా ఎత్తులో నిలబడి మాట్లాడటం నా జన్మలో అదే మొదలు. మీరు చెప్పింది చెప్పినట్టే చెప్పాను.

"కాలు తీసెయ్యమన్నారు. దాని కంపు ఆవిడే భరించలేకపోతున్నారట. పందుల్ని అడిగితే ఇచ్చారట, చాపలు అడిగితే ఇచ్చారట, కన్నబిడ్డకి పేరు పెట్టుకునే వీలు కూడా ఆడబిడ్డకే ఇచ్చారట. ఈ కాలు మాత్రం ఆడబిడ్డది కాదు, నాది అన్నారు."

పెద్దమ్మకి వినపడకపోయినా మా మొహాలు చూసి అర్థం చేసుకున్నట్టున్నారు. డాక్టరు వైపు తిరిగి, మోకాలి కింద అరచేతి అంచుతో తానే గీత గీసి చూపించారు. డాక్టరు రాసుకుంది.

మేనత్త లేచింది. "మా తమ్ముళ్ళు పోయాక ఇలాంటి మాటలు వినాలని రాసిపెట్టి ఉంది నాకు. ఇవాళ్టి నుంచి నీ గడప తొక్కను. నా శవం దగ్గరికి నువ్వూ రాకు" అని వెళ్ళిపోయింది. కలానీని ఆపి ఆ కార్డు ఇవ్వమని అడిగాను. నవ్వి, "ఫైనల్స్ అయ్యాక చూద్దాంలే బావా" అన్నాడు.

రేపు పొద్దున్నే కాలు తీస్తారు. మిమ్మల్ని క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు.

మొసేసే


ఫాలెహౌ
మే చివర

మొసేసే,

ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరు ఫోన్లో చెప్పింది. అమ్మ మంచం దిగి కుర్చీలో కూర్చుంటోందట. వచ్చే పడవకి నేను వస్తున్నాను, అమ్మని తీసుకుని తిరిగి వస్తాను. నీ షాపులో కూర్చునే బంధువులెవరూ రావడం లేదని సెమిసీ ఊరంతా చెబుతున్నాడు. అత్త నోటి మాట మనకన్నా ముందు సముద్రం దాటింది.

నువ్వు చెప్పావు. వినపడలేదని తప్పించుకునే దారి ఎదురుగా ఉండగా చెప్పావు. మన ఇళ్ళలో ఎవరూ చెయ్యని పని చేశావు. అమ్మకి కూడా ఆ సంగతి చేతులతో వివరంగా చెబుతాను, తమ్ముడికి రావలసింది తమ్ముడికి రావాలి.

ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. తిట్టాలని కాదు. 'కార్డు అత్త తీసుకుంది' అని ఫిబ్రవరిలో నాకు ఒక్క వాక్యంలో రాసి ఉంటే, అమ్మకి రెండు వేళ్ళతో పోయేది.

లెసియేలి